ఆ ‘లాగ్ పోగొట్టే 5 చిట్కాలు’ ఇంకెవరికీ పంపొద్దు

తిరుపతి కాలేజీ గ్రూపులన్నిట్లో ఒకటే ఫార్వర్డు: ‘ఏ లాప్‌టాప్‌లో అయినా సైబర్‌పంక్ 2077 లాగ్ లేకుండా ఆడాలంటే 5 చిట్కాలు’. సైబర్‌పంక్ అంటే బరువైన కంప్యూటర్ ఆట, లాగ్ అంటే ఆట ఆగి ఆగి నడవడం. చదువుకున్న స్నేహితులే నాకూ పంపినారు. ఏందప్పా ఇది?

ఒకటి, రిఫ్రెష్ పదిసార్లు కొట్టాలంట. దానికీ ఆటకూ సంబంధమే లేదు.

రెండు, ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగుల పేజీలో ప్రాసెసర్లు పెంచాలంట. అక్కడ తగ్గించడమే కుదురుతుంది, పెంచడం కుదరదు. టిక్కు పెట్టకపోతే ప్రాసెసర్‌లో ఉన్న కోర్లన్నీ (పనిచేసే భాగాలన్నీ) విండోస్ వాడుకుంటుంది. పక్కనే మెమరీ గడిలో 4096 వేస్తే 16 జీబీ ర్యామ్‌లో 12 జీబీ వాడకుండానే పడుంటుంది.

మూడు, అడుగున ఐస్ ప్యాక్. మన ఎండలకు ప్రాసెసర్ 95, 100 డిగ్రీలకు పోయి తన వేగం తానే తగ్గించుకునే మాట నిజం. కానీ చాలా లాప్‌టాప్‌లు గాలి పీల్చేది అడుగు నుంచే. అది మూసేసి, పైగా లోపల నీటిచెమ్మ పట్టిస్తారా? పరుపు మీద నుంచి బల్ల మీదికి మార్చండి, ఫ్యాన్లో దుమ్ము తీయించండి.

నా కోపమంతా నాలుగోదాని మీద. ‘డిఫెండర్ ఆపేసి, ఈ లింకులో బూస్టర్ దించుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చెయ్.’ డిఫెండర్ అంటే విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్. నిజమైన సాఫ్ట్‌వేర్ అయితే దాన్ని చూసి ఎందుకు భయపడుతుంది? అడ్మిన్ హక్కు, అంటే కంప్యూటర్ మీద పూర్తి అధికారం, ఇచ్చినాక ఆ బూస్టర్ బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని చెప్పే గుర్తులు) ఎత్తుకుపోవచ్చు. కుకీ పోతే ఓటీపీ కూడా కాపాడదు, ఎందుకంటే ఆ లాగిన్ ఓటీపీ ఎప్పుడో దాటేసింది. అప్పుచేసి కొనిచ్చిన ఆ లాప్‌టాప్‌లోనే పిల్లోడి ప్రాజెక్టు, నాన్న బ్యాంకు ఖాతా ఉంటాయి. సెకనుకు నాలుగైదు ఫ్రేములు (తెర మీది బొమ్మలు) ఎక్కువ వస్తాయని ఇంతకు తెగిస్తారా?

అయితే భద్రతా సెట్టింగులు వేగాన్ని తగ్గిస్తాయన్నది పూర్తి అబద్ధం కాదు. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా సెట్టింగు ఆపితే కొన్ని ఆటలు మెరుగవుతాయని, ఆట అయినాక మళ్ళీ ఆన్ చేయమని 2022లో మైక్రోసాఫ్టే చెప్పింది. అది ఒక్క స్విచ్చు. దానికి డిఫెండర్ మొత్తం ఆపక్కర్లేదు, ఏ లింకూ నొక్కక్కర్లేదు.

ఐదు, చార్జర్ పెట్టి ఆడమన్నారు. అది సరైనదే.

అసలు సంగతి ఆ మెసేజీలో లేనేలేదు. ఈ ఆటకు 2023 నుంచి ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగమైన స్టోరేజీ) కనీస అవసరం. ఆటను హార్డ్ డిస్క్ మీద పెట్టుకుని చిట్కాలు వెతికితే లాభం లేదు. రిజల్యూషన్ 1080 నుంచి 900కి దించితే గీయాల్సిన పిక్సెళ్ళు దాదాపు 30 శాతం తగ్గుతాయి. ఆట సెట్టింగుల్లో వెలుగునీడలు లెక్కగట్టే రే ట్రేసింగ్ ఆపండి, చిన్న బొమ్మను పెద్దది చేసి చూపే ఎఫ్‌ఎస్‌ఆర్ పెట్టండి, ఫ్రేములను సెకనుకు 30 దగ్గర కట్టేయండి. బూస్టర్ ఇప్పటికే ఎక్కించినోళ్ళు మాత్రం ఆ లాప్‌టాప్‌లో కాకుండా ఫోన్ నుంచి ఈరోజే పాస్‌వర్డులు మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి.