రోగి ఎవరో చెప్పండి, రోగం పేరు మేం పెడతాం

ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్ళకు పనీపాటా లేదని నేను అనను. కానీ మానసిక రోగాలను వర్గీకరించడానికి వాళ్ళు పడే పాట్లు చూస్తే జాలేస్తుంది. దేశదేశాల నిపుణులు ఏళ్ళ తరబడి కూర్చుని తయారుచేసిన ఐసీడీ-11 అనే పట్టిక 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కుంగుబాటుకు ఒక కోడు, ఆందోళనకు ఒక కోడు. ఫలానా లక్షణాలు ఇన్ని ఉండాలి, ఇన్నాళ్ళు ఉండాలి అని లెక్కలు. ఇంత తతంగం దేనికో అర్థం కాదు. మన ఇళ్ళలో ఏ మేనత్తను అడిగినా రెండు నిమిషాల్లో తేల్చేస్తుంది. ఆవిడకు లక్షణాలతో పని లేదు. రోగి ఎవరో తెలిస్తే చాలు.

ఇంత తేలికైన దేశవాళీ పద్ధతికి రావలసిన గుర్తింపు రాలేదన్న బాధతోనే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక శుభవార్త. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్ళలో నూటికి 10.6 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని, చాలా జబ్బుల్లో ముప్పాతిక మందికి పైగా వైద్యం అందడం లేదని లెక్క తేల్చింది. అయితే సర్వే చేసింది 12 రాష్ట్రాల్లో. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. పంజాబ్‌లో ఉన్నాయి, మణిపూర్‌లో ఉన్నాయి, పక్కనే ఉన్న తమిళనాడులోనూ ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉన్నాయి. తెలుగువాళ్ళకు ఉన్నట్టు మాత్రం ఆ సర్వేలో రుజువు లేదు. తడ చెక్‌పోస్టు దాకా వచ్చి ఆగిపోయి ఉంటాయి.

రుజువు లేకపోయినా అక్కడక్కడా కొందరు కుంగిపోతూనే ఉన్నారు కాబట్టి దాన్నే మొదట తీసుకుందాం. డాక్టర్ల లెక్క ఇలా ఉంటుంది: కనీసం రెండు వారాలపాటు, రోజులో ఎక్కువసేపు మనసు దిగులుగా ఉండాలి, లేదా ఎప్పుడూ ఇష్టంగా చేసే పనుల మీద కూడా ఆసక్తి పోవాలి. దానికి తోడు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, నేనెందుకూ పనికిరానన్న భావన, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన. చూశారా, ఎంత గందరగోళమో. ఇందులో ఆ మనిషి ఇంట్లో ఏ వరసవుతాడో ఎక్కడా అడగలేదు.

మన పద్ధతిలో అదే మొదటి ప్రశ్న. కోడలు పొద్దున మంచం దిగలేకపోతే అది బద్ధకం, పుట్టింట్లో పని నేర్పలేదు. అత్తగారు దిగలేకపోతే కోడలు పెట్టిన మనోవ్యాధి. ఇంటర్ చదివే కుర్రాడికైతే సెల్‌ఫోన్. ఆడపిల్లకైతే ఎవడో ఉన్నాడు, ముందు దాని ఫోన్ లాక్కోండి. రిటైరైన పెద్దాయనకైతే తోచకపోవడం, కాబట్టి రేపటినుంచి పాలు ఆయనే తెస్తారు. డాలస్‌లో ఉన్న అబ్బాయికి వస్తే మాత్రం నిఖార్సయిన డిప్రెషనే, పాపం పరాయి దేశం, ఒంటరి బతుకు. ఇంట్లో పనిచేసే మనిషికి ఈ రోగం రాదు. రెండు రోజులు రాకపోతే జీతం కోస్తాం, అంతే.

బాలింతల సంగతి ప్రత్యేకం. బిడ్డ పుట్టాక వారాలు గడిచినా ఏడుపు ఆగకపోవడం, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోవడం, బిడ్డకు ఏదో అయిపోతుందన్న భయంతో నిద్ర పట్టకపోవడం వైద్యులు బాగా ఎరిగిన జబ్బు, నయమయ్యే జబ్బు. మనం మాత్రం ఆ అమ్మాయి చెవుల్లో దూది పెడతాం, సాంబ్రాణి పొగ వేస్తాం, కాయం తినిపిస్తాం. గాలి తగలకుండా తలుపులన్నీ మూస్తాం. ఆ పిల్ల నోరు తెరిచి ఏదైనా చెప్పబోతే, “నలుగుర్ని కన్నాం, మాకేమైనా అయ్యిందా?” అంటాం. అయ్యిందో లేదో అప్పట్లో వాళ్ళనీ ఎవరూ అడగలేదు.

ఇక వైద్యం. మన దగ్గర అన్నిటికీ పనిచేసే మందు ఒకటుంది: “నీకేం తక్కువ?” ఈ ప్రశ్న రోజుకు మూడు పూటలా, భోజనానికి ముందూ తర్వాతా వేస్తారు. దానికీ లొంగకపోతేనే డాక్టరు. ఆయనేమో మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, తగ్గాక కూడా కొన్ని నెలలు వాడాలి అంటాడు. మనవాళ్ళు నాలుగో రోజుకి “ఏం తేడా లేదు” అని ఆపేస్తారు. ఖర్మకాలి నెలకు తేడా కనిపిస్తే “తగ్గిపోయిందిగా” అని ఆపేస్తారు. “ఆ మాత్రలు అలవాటైపోతాయిరా” అని హెచ్చరించే బాబాయి బీపీ మాత్ర ఇరవై ఏళ్ళుగా వేసుకుంటున్నాడు. పైగా నిద్ర పట్టకపోతే మెడికల్ షాపు కుర్రాణ్ణి అడిగి, నిజంగా అలవాటయ్యే మాత్రలే తెచ్చుకుంటాడు. వాటికి చీటీ కూడా అక్కర్లేదు, ముఖపరిచయం ఉంటే చాలు.

పానిక్ అటాక్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మనవాళ్ళు డబ్బుకు వెనకాడరు. ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి, ఊపిరాడదు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఇక చచ్చిపోతున్నానని ఖాయంగా అనిపిస్తుంది. నిమిషాల్లోనే తారస్థాయికి చేరి, మెల్లగా దిగిపోతుంది. ఈలోగా మనం ఆసుపత్రిలో ఉంటాం. ఓ కార్పొరేట్ ఆసుపత్రి ఎమర్జెన్సీలో అర్ధరాత్రి దాటాక నేను విన్న సంభాషణ ఇది. మంచం మీద పాతికేళ్ళ కుర్రాడు, ఛాతీకి వైర్లు. ఈసీజీ అయ్యింది, రక్తపరీక్షలు అయ్యాయి, ఎకో కూడా అయ్యింది.

“గుండెకేం లేదండీ. అన్నీ నార్మల్. ఇది పానిక్ అటాక్. ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించండి” అంది డ్యూటీ డాక్టరమ్మ.

తండ్రి లేచి నిలబడ్డాడు. “అంటే, మావాడికి మెంటలంటారా?”

“మెంటలని కాదండీ...”

“మాది అలాంటి ఫ్యామిలీ కాదమ్మా. గ్యాస్ అయ్యుండొచ్చు కదా?”

ఆ అమ్మాయి ఎన్ని గంటలనుంచి డ్యూటీలో ఉందో ఏమో. కుర్రాడి వంక చూసింది, అవతలి మంచం మీద వాంతి చేసుకుంటున్న ముసలాయన వంక చూసింది. “అయ్యుండొచ్చండీ” అంది. గ్యాస్ మాత్ర రాసింది. తండ్రి ముఖంలో వెలుగు. కొడుక్కి గ్యాస్ అని తెలిసి అంత సంతోషించిన తండ్రిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ కుర్రాడు మూడోసారో నాలుగోసారో అలా ఎమర్జెన్సీకి వచ్చాక ఎవరో ఒకరు గట్టిగా చెబుతారు. అప్పుడు కూడా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళరు, నరాల డాక్టరు దగ్గరికి వెళ్తారు. అది తెలిసే పాపం డాక్టర్లు బోర్డు మీద ‘న్యూరో సైకియాట్రిస్ట్’ అని రాయించుకుంటారు, వచ్చేవాళ్ళు మొదటి సగమే చదువుతారు. లోపల హాల్లో అందరి ముఖాలకూ చున్నీలు, మాస్కులు. ఫైలు బట్టల షాపు కవర్లో ఉంటుంది, ఎవరైనా పలకరిస్తే చీర మార్చడానికి వచ్చామని చెప్పుకోవచ్చు. సొంత ఊళ్ళో చూపించుకునే ధైర్యం ఎవరికీ ఉండదు కనక గుంటూరువాళ్ళు విజయవాడ వెళ్తారు, విజయవాడవాళ్ళు గుంటూరు వస్తారు. దారిలో మంగళగిరి దగ్గర బస్సులు ఎదురుపడతాయి. దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడంటారు. ఆ ఒక్కడి దగ్గరికీ ఇంత చాటుగా వెళ్ళాల్సి వస్తే, మిగతా కొరత బంధువులే తీర్చాలి మరి.

ఓసీడీ విషయంలో కథ తిరగబడింది. ఇది దాచుకునే జబ్బు కాదిప్పుడు, చెప్పుకునే జబ్బు. టేబుల్ మీద పెన్నులు వరుసగా పెట్టుకున్న ప్రతి సాఫ్ట్‌వేర్ ఉద్యోగీ “నాకు కొంచెం ఓసీడీ అండీ” అని వినయంగా ఒప్పుకుంటాడు. అసలు ఉన్నవాడు చెప్పుకోడు. తాళం వేశానని తెలుసు, నాలుగుసార్లు లాగి చూశానని తెలుసు, అయినా వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వస్తాడు. చేతులు తోలు ఊడేదాకా కడుగుతాడు. రోజులో గంటలు దానికే పోతాయి. ఇది అర్థం లేని పని అని అతనికే అందరికంటే బాగా తెలుసు, అయినా ఆపలేడు. ఇదే పని వెనకటి తరంలో మామ్మగారు చేస్తే మడి అన్నాం, కాళ్ళకు దండం పెట్టాం. ఆ మామ్మల్లో ఎందరు భక్తితో కడుక్కున్నారో, ఎందరు ఆపలేక కడుక్కున్నారో ఇప్పుడు తేల్చలేం.

మనసు రెండు కొసల మధ్య ఊగే జబ్బు బైపోలార్. అందులో ఒక కొస మనకు బాగా నచ్చుతుంది. రెండు మూడు గంటలే నిద్రపోయినా అలసట ఉండదు, మాట ఆగదు, బుర్ర నిండా ఐడియాలు, చేతిలో లేని డబ్బు ఖర్చుపెట్టేయడం, తనంతటివాడు లేడన్న నమ్మకం. వారం రోజులు ఇలా ఉంటే డాక్టర్లు మేనియా అంటారు. హైదరాబాద్ శివార్లలో ప్లాట్లు అమ్మే మీటింగులో కూర్చున్నవాడికి ఈ లక్షణాలతో రోగిని గుర్తుపట్టడం సాధ్యం కాదు. “మావాడు ఎట్టకేలకు దారిలో పడ్డాడు” అని ఇంట్లోవాళ్ళు సంబరపడుతుండగానే బంగారం తాకట్టులోకి పోతుంది. తర్వాత రెండో కొస వస్తుంది, మంచం పడతాడు. అప్పుడు దాని పేరు నరదిష్టి. లిథియం అనే మందు ఈ జబ్బుకు పనిచేస్తుందని ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు 1949లోనే చెప్పాడు. గుమ్మడికాయ కట్టడం అంతకన్నా పాతది కనక దానికే మా ఓటు.

స్కిజోఫ్రీనియా దగ్గరికి వచ్చేసరికి మన వర్గీకరణ ఇంకా సూక్ష్మమవుతుంది. ఎవరూ లేకుండానే గొంతులు వినిపించడం, ఎవరో కుట్ర పన్నుతున్నారన్న నమ్మకం, మనుషులకు దూరంగా ముడుచుకుపోవడం ఇందులో కనిపిస్తాయి. ఎక్కువగా ఇరవైల్లో బయటపడుతుంది. ప్రపంచంలో సుమారు మూడు వందల మందికి ఒకరికి ఉంది. సినిమాలవాళ్ళు చూపించే ‘ఒకే మనిషిలో ఇద్దరు’కీ దీనికీ సంబంధం లేదు. పేదింటి ఆడపిల్లకు వస్తే దయ్యం, వేపమండలు, మిరపకాయల పొగ. పొలం తగాదా ఉన్న ఇంట్లో వస్తే చేతబడి. చేసిందెవరో కూడా వెంటనే తెలిసిపోతుంది, చాలాసార్లు గట్టు అవతలి ఆసామే. మెదక్ వైపు దీన్నే బాణామతి అన్నారు. ఆ అనుమానంతోనే మనుషుల్ని చంపిన కేసులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా చుట్టుపక్కల వెలసిన ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు కదల్లేక 28 మంది చనిపోయారు. దాని మీద వ్యంగ్యం రాయడం నాకు చేతకాదు.

దయ్యమూ చేతబడీ వద్దనుకునే చదువుకున్న ఇళ్ళలో పెళ్ళి చేస్తారు. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు అని పెద్దలు రెండు వైపులా చెప్పారు. మనం రెండో సగం తీసుకున్నాం. పెళ్ళికూతురి సూట్‌కేసులో మాత్రలు విటమిన్ డబ్బాలోకి మారతాయి, ఎవరూ చూడకుండా వేసుకునే వీలు లేక వారంలో ఆగిపోతాయి, నెలకు జబ్బు తిరగబెడుతుంది. దాచి చేసిన పెళ్ళి కోర్టులో నిలవకపోవచ్చు. కట్నం మాత్రం రొక్కం కనక కోర్టుకు చెప్పుకునే వీలుండదు.

మద్యం జబ్బేనని డాక్టర్లు అంటారు, మనం మగతనం అంటాం. 2020 లాక్‌డౌన్‌లో మద్యమూ కల్లూ దొరక్క చేతులు వణుకుతూ, లేనివి కనిపిస్తూ ఎందరో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి బారులు తీరారు. రోజూ తాగేవాడికి ఉన్నట్టుండి మానిపిస్తే ప్రాణం మీదికి వస్తుందని, దానికి డాక్టరు పర్యవేక్షణ కావాలని అప్పుడైనా తెలియాలి. మనవాళ్ళకు తెలిసింది వేరు: “చూశారా, మానేస్తే ఏమవుతుందో!”

ప్రభుత్వం కూడా మన పద్ధతికి అడ్డుపడుతూనే ఉంది. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అని 14416 నంబరు పెట్టింది. ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. “మా ఫ్రెండ్‌కి ఇలా ఉందండీ” అని మొదలుపెట్టినా వింటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు నిషేధించింది, శారీరక రోగాలకు ఇచ్చినట్టే మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలని కంపెనీలకు చెప్పింది. అంతటితో ఆగకుండా, రేపు నాకు మానసిక జబ్బు చేస్తే ఎలాంటి వైద్యం చేయాలో, ఏది చేయకూడదో, నా తరఫున ఎవరు నిర్ణయించాలో ఇవాళే రాసి ఉంచుకునే హక్కు కూడా ఇచ్చింది.

దేశవాళీ పద్ధతి మీద నాకున్న గౌరవం తెలిసిందే. అయినా చట్టం ఇచ్చింది కదా అని నేనూ ఒక కాగితం రాసుకున్నాను. డాక్టరుకు చూపించాకే తాయెత్తు కట్టాలి, మాత్రలు చెప్పకుండా ఆపకూడదు, నిర్ణయాలు మా చెల్లెలు తీసుకోవాలి, ‘నీకేం తక్కువ’ అన్నవాళ్ళను గదిలోకి రానివ్వకూడదు. సాక్షి సంతకం కోసం ఎదురింటాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కాగితం పూర్తిగా చదివారు, కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు, పెన్ను ఇంట్లో లేదన్నారు. సాయంత్రానికి కాలనీలో నా రోగం ఖరారైపోయింది. భయపడాల్సిందేం లేదట, వ్యాసాలు రాసేవాళ్ళకు అది మామూలేనట.