బ్యాకప్ తీశాను బావా

మా మామగారి ఫోన్‌కి జబ్బేమీ లేదు. వయసొచ్చింది, అంతే. 2019లో కొన్నారు. కంపెనీవాడు అప్‌డేట్లు ఆపేసి చాలాకాలమైంది. వాట్సాప్ నొక్కి, అది తెరుచుకునేలోగా ఆయన పేపర్లో జిల్లా వార్తలు చదివేసేవారు. దానివల్ల ఆయనకి ఏ ఇబ్బందీ లేదు. రిటైరైన లెక్కల మాస్టారు. తొందరేముంది?

ఇబ్బంది మా బావమరిదికి వచ్చింది. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. సంక్రాంతి సెలవులకి రామచంద్రపురం వచ్చాడు. భోగినాడు భోజనాలయ్యాక అందరం నడుం వాల్చిన సమయంలో తండ్రి ఫోన్ చేతిలోకి తీసుకుని గట్టిగా నిట్టూర్చాడు. ఇంజినీరింగ్ కుర్రాడు నిట్టూర్చాడంటే ఇంట్లో ఏదో ఒక వస్తువుకి మూడిందన్నమాటే.

“దీనికి కస్టమ్ రోమ్ వేసేస్తాను నాన్నా. అంటే కంపెనీవాడి సాఫ్ట్‌వేర్ తీసేసి, బయటివాళ్ళు చేసిన ఆండ్రాయిడ్ పెట్టడం. దాని పేరు లీనియేజ్ ఓఎస్. పరుగులు పెడుతుంది.”

“ఎంతవుతుంది?”

“పైసా ఖర్చు లేదు.”

మామగారు ఫోన్ వదిలేసి దిండు సర్దుకున్నారు. ఉచితమన్నాక ఆయన దేనికీ అడ్డు చెప్పరు.

మావాడు మాకు చరిత్ర పాఠం కూడా చెప్పాడు. స్టీవ్ కాండిక్ అనే ఆయన 2009లో సయనోజెన్‌మాడ్ అనే ఇలాంటి రోమ్ మొదలుపెట్టాడట. 2016 డిసెంబరులో అది మూతపడితే, అదే కోడ్ తీసుకుని లీనియేజ్ ఓఎస్ నడుపుతున్నారట. అత్తయ్యగారు అంతా శ్రద్ధగా విని, “అయితే మూతపడ్డ కొట్లో సరుకా?” అన్నారు. ఆ ఇంట్లో ఆ రోజు వినిపించిన తెలివైన ప్రశ్న అదొక్కటే. ఎవరూ జవాబు చెప్పలేదు.

“మరి ఇందులో ఉన్నవన్నీ?” అన్నాను.

“బ్యాకప్ తీస్తాను బావా.”

ఇక్కడే చిక్కు ఉంది. యాప్‌లని వాటి డేటాతో సహా పూర్తిగా బ్యాకప్ తియ్యాలంటే ఫోన్ రూట్ అయి ఉండాలి, అంటే లోపలి గదులన్నిటికీ పెత్తనం మన చేతికి రావాలి. రూట్ చెయ్యాలంటే, ఫోన్ ఆన్ చెయ్యగానే సాఫ్ట్‌వేర్‌ని లేపే బూట్‌లోడర్ తాళం తియ్యాలి. తాళం తీసిన మరుక్షణం ఫోన్ తనలో ఉన్నదంతా చెరిపేసుకుంటుంది. దొంగ చేతిలో పడితే మన గుట్టు బయటపడకుండా చేసిన ఏర్పాటు అది. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదన్న సామెత ఆండ్రాయిడ్ తయారుచేసినవాళ్ళకి ఎవరు చెప్పారో తెలియదు.

మావాడు దీనికీ ఉపాయం చెప్పాడు. ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి ఏడీబీ బ్యాకప్ అనే కమాండ్ ఇస్తే రూట్ అక్కర్లేదట. చివర “ఆల్” అని కూడా కొట్టాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చూసి మామగారు మురిసిపోయి, పక్కింటాయన్ని కూడా పిలిచి చూపించారు. ఫైలు తయారైంది. “అయిపోయింది బావా, మొత్తం వచ్చేసింది” అన్నాడు.

ఏడీబీకి ఒక గుణం ఉంది. ఏ యాప్ అయినా తన డేటా ఇవ్వనని ముందే రాసుకుని ఉంటే, దాన్ని పల్లెత్తు మాట అనకుండా వదిలేస్తుంది. పోనీ, ఎవరిని వదిలేసిందో మనకైనా చెబుతుందా అంటే అదీ లేదు. వాట్సాప్ ఇవ్వదు, బ్యాంకు యాప్ ఇవ్వదు. గవర్నమెంటు ఆఫీసులో “అన్నీ చూశామండీ” అంటారే, ఆ “అన్నీ” అన్నమాట.

వాట్సాప్ కోసం మావాడు వేరే జాగ్రత్త తీసుకున్నాడు. స్టోరేజ్‌లో పైనే కనిపించే వాట్సాప్ ఫోల్డర్‌ని భద్రంగా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాడు. ఆ కాపురం 2021లోనే “ఆండ్రాయిడ్” ఫోల్డర్‌లో ఉన్న “మీడియా” అనే గదిలోకి మారిపోయింది. మావాడు భద్రపరిచింది ఖాళీ ఇల్లు. కాంటాక్ట్‌లంటావా, అవి గూగుల్‌లో ఉంటాయన్నాడు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ, వచ్చిన శుభోదయాలన్నీ దాచుకునే మామగారికి ఏ మూలకి? అది నిండిన రోజు నుంచీ ఫోన్ బ్యాకప్ ఆగిపోయింది. పైగా ఆయన నంబర్లన్నీ ఫోన్‌లోనే సేవ్ అవుతున్నాయి. ఇవన్నీ మాకు తర్వాత తెలిసిన విషయాలు.

తాళం తీశాడు. ఫోన్ తుడిచిపెట్టుకుపోయింది. రోమ్ ఎక్కించడానికి వాడే రికవరీ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు, తర్వాత రోమ్ ఎక్కించాడు. మొదటిసారి తెరుచుకోవడానికి అది ఎంత సేపు తీసుకుందంటే, మామగారు మూడుసార్లు “ఉందా?” అని అడిగారు, ఆస్పత్రి వరండాలో అడిగే గొంతుతో. చివరికి తెరుచుకుంది. అందులో ప్లే స్టోర్ లేదు. లీనియేజ్‌తో పాటు గూగుల్ యాప్‌లు రావు, మొదటిసారి తెరవకముందే విడిగా ఎక్కించుకోవాలి. మళ్ళీ చెరిపి, మళ్ళీ మొదలుపెట్టాడు.

రాత్రి భోజనాల వేళకి రిస్టోర్ పూర్తయింది. టార్చిలైటు వచ్చింది. దిక్సూచి వచ్చింది. అత్తయ్యగారు ఎప్పుడో ఆడి మానేసిన లూడో, ఆపిన ఆట దగ్గరనుంచే వచ్చింది. దగ్గరి చుట్టాలెవరూ రాని పెళ్ళికి వీధిలోవాళ్ళు కుటుంబ సమేతంగా వచ్చినట్టు, అక్కర్లేనివన్నీ డేటాతో సహా దిగాయి.

బ్యాంకు యాప్ మళ్ళీ వేశాం. ఈ ఫోన్‌లో భద్రత లేదు, నేను పనిచేయనంది.

“పెన్షన్ నాది, ఖాతా నాది, ఫోన్ నాది. మధ్యలో దీనికి అనుమానమేంటి?” అన్నారు మామగారు.

“బూట్‌లోడర్ తెరిచి ఉంది కదా నాన్నా, అందుకని.”

“ఎవడు తెరవమన్నాడు?”

మావాడు పెరుగన్నం మీద దృష్టి పెట్టాడు.

కాంటాక్ట్‌లలో మిగిలినవి సిమ్‌లో ఉన్నవే, బటన్ల ఫోన్ కాలం నాటివి. పాలు, గ్యాస్ పాతది, హెడ్మాస్టరు ఇల్లు. ఆ హెడ్మాస్టరు గారు పోయి చాలా ఏళ్ళయింది. అత్తయ్యగారి నంబరు మాత్రం అందులోనూ లేదు. “నీ నంబరు నోటికి వచ్చు కదా” అన్నారు మామగారు. ఆవిడ దాన్ని ప్రేమ కింద జమకట్టలేదు.

అసలు దెబ్బ కనుమనాడు తగిలింది. పాత నంబరే కాబట్టి వాట్సాప్ గ్రూపులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పేర్లే లేవు. పండగ శుభాకాంక్షలు వరదలా వస్తున్నాయి, అన్నీ ఉత్త నంబర్ల నుంచి. అసలే సైబర్ మోసాల వార్తలు రోజూ చదివే మనిషి. ఒక నంబరు నుంచి వరసగా కోడిపుంజు బొమ్మ, గొబ్బెమ్మల బొమ్మ, వీడియో ఒకటి వచ్చేసరికి ఆయనకి గట్టి అనుమానం వచ్చింది. డీపీలో వేంకటేశ్వరస్వామి, పేరు ఉండాల్సిన చోట “ఓం నమో నారాయణాయ”.

“తమరెవరో మాకు తెలియదు. ఇకపై ఇలాంటివి పంపవద్దు” అని టైపు చేసి, బ్లాక్ చేసేశారు.

పది నిమిషాలకి ఏలూరు నుంచి నాకు ఫోన్. మా నాన్న.

“మీ మామగారికి మనమేం తక్కువ చేశాంరా?”

వియ్యంకుడి మర్యాదకి ఏ కంప్యూటర్లోనూ బ్యాకప్ ఉండదు. మర్నాడు పొద్దున్నే కారులో అందరం బయల్దేరాం. దారిలో తాపేశ్వరంలో ఆగి కాజాలు కొన్నాం. మామగారు దారి పొడవునా కొడుకుతో మాట్లాడలేదు. మావాడు వెనక సీట్లో దిక్సూచి చూస్తూ కూర్చున్నాడు. అది చక్కగా పనిచేస్తోంది.

మా నాన్న అన్నీ విన్నారు. రోమ్, రూట్, బూట్‌లోడర్ అని మావాడు చెబుతుంటే ముఖంలో ఏ మార్పూ లేదు. చివరికి, “అయితే నా కళ్ళముందు నా నంబరు ఎక్కించండి బావగారూ” అన్నారు. మామగారు ఫోన్ తీశారు. నొక్కీ నొక్కకముందే తెరుచుకుంది. “ఏలూరు బావగారు” అని రాసి సేవ్ చేసి చూపించారు.

మా నాన్న ఆ ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పారు. రెండు మూడు యాప్‌లు నొక్కి చూశారు. తర్వాత జేబులోంచి తన ఫోన్ తీసి పక్కన పెట్టుకున్నారు.

“ఇదేంటండీ, ఇంత స్పీడుగా ఉంది? నాది నొక్కితే నిద్రపోతుంది. ఏం చేయించారు దీనికి?”

మా బావమరిది ముందుకు జరిగి నోరు తెరిచాడు. నేను పెట్టెలోంచి అన్నింట్లోకి పెద్ద కాజా ఏరి ఆ నోట్లో పెట్టాను.