ఎదురు చెప్పని వంత

గిటారు వాయించడానికి పక్కన మనుషులు కూడా ఉండాలన్న మూఢనమ్మకం ఇంకా పూర్తిగా పోలేదు. డ్రమ్ములాయన వేళకు రాడు, బేస్ గిటారాయన డబ్బులడుగుతాడు. కాలితో తొక్కే లూప్ పెడల్ అనే చిన్న పెట్టెకు ఈ దుర్గుణాలు లేవు. ఒకసారి తొక్కితే మనం వాయించినది రికార్డు చేసుకుంటుంది. రెండోసారి తొక్కితే దాన్నే తిప్పి తిప్పి వినిపిస్తుంది. మూడోసారి తొక్కితే పైన ఇంకో పొర వేయనిస్తుంది. టీ కూడా అడగదు.

బుర్రకథలో కథకుడికి అటొకరు, ఇటొకరు వంతలుంటారు. తందానా అని ఊరుకోవచ్చు కదా! ఊరుకోరు. హాస్యం వంత వెటకారమాడతాడు, రాజకీయం వంత నిలదీస్తాడు, కథకుడు జవాబు చెప్పుకోవాలి. పెడల్ ఈ బాధను శాశ్వతంగా తప్పించింది. అది తందానా మాత్రమే అంటుంది, అదీ మన చేతి వాద్యంతోనే. (ఇలాంటివి కొందరు నాయకుల చుట్టూ చాలాకాలంగా ఉన్నాయి, కరెంటు కూడా అక్కర్లేదు.)

2004లో ర్యాపర్ నాస్ రాలేకపోయినందువల్ల బీబీసీ కార్యక్రమంలో చోటు దొరికిన స్కాట్లండ్ గాయని కేటీ టన్‌స్టాల్, ఒక గిటారు, ఒక అకాయ్ కంపెనీ పెడల్‌తో ఒంటరిగా నిలబడి పేరు తెచ్చుకుంది. 2025 ఫిబ్రవరిలో రామోజీ ఫిల్మ్ సిటీలో పాడి వెళ్లిన ఇంగ్లండ్ గాయకుడు ఎడ్ షీరన్‌ది కూడా ఇదే విద్య. గిటారు తట్టి తాళం, దానిపై తీగలు, దానిపై గొంతు జనం ముందే పేరుస్తాడు. వీళ్లు ఏళ్ల తరబడి సాధన చేశారని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తుంటారు.

రెండో తొక్కుడు సరిగ్గా మొదటి దెబ్బ మీదే పడాలట. రవ్వంత ఆలస్యమైతే చుట్టు తిరిగిన ప్రతిసారీ తాళం కుంటుతుంది. మనిషైతే సర్దుకుపోయి మన పరువు కాపాడతాడు. పెడల్ మాత్రం మన పొరపాటును మనకన్నా శ్రద్ధగా వాయిస్తుంది. ఇది లోపం కాదు: ఒకసారి వినిపిస్తే తప్పు, నలభైసార్లు వినిపిస్తే శైలి. టిక్ టిక్‌మని తాళం చూపే మెట్రోనోమ్ పెట్టుకోండి, మొదటి పొర పలచగా ఉంచండి అని చాదస్తులు చెబుతారు. వినకండి. ఆరు పొరలు పడ్డాక ఏ తప్పు ఎక్కడిదో తేల్చడం ఏ విచారణ సంఘం తరమూ కాదు.

చాలా పెడళ్లలో కాసేపు అదిమిపెడితే అంతా చెరిగిపోతుంది. సాయంత్రం నుంచి భోజనాల వేళ దాకా ఎ మైనర్, ఎఫ్, సి, జి అనే నాలుగు గిటారు కార్డ్‌లు మాత్రమే వింటున్న పక్కింటివారికి ఈ సంగతి తెలియనివ్వకండి.