హంటా వైరస్ నిన్న మొన్న చైనా నుంచి దిగింది కాదు

వానలు మొదలయ్యాయంటే చెన్నైలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. చైనా నుంచి వచ్చిన హంటా వైరస్ ఇక్కడి ఎలుకల్లో రోజుకో రకంగా మారుతోందని, కరోనాలా మనిషి నుంచి మనిషికి అంటుకుంటుందని, అపార్ట్‌మెంట్ చుట్టూ మందు పెట్టి ఎలుకలన్నిటినీ చంపెయ్యమని దాని సారాంశం. చదివి టెన్షన్ పడుతున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

చైనా సంగతి ముందు చూద్దాం. 1964లో వేలూరు తొట్టపాళయంలో పట్టిన ఒక చుంచెలుక నుంచి ఒక వైరస్‌ను వేరుచేశారు. (చుంచెలుక అసలు ఎలుకల జాతిదే కాదు.) అప్పటికి హంటా అన్న పేరే లేదు. దక్షిణ కొరియాలో హో వాంగ్ లీ అనే శాస్త్రవేత్త పొలం ఎలుకల్లో హంటాన్ వైరస్‌ను గుర్తించింది 1970ల్లో. తొట్టపాళయం వైరస్‌దీ అదే కుటుంబమని ఆ తర్వాతే తేలింది. 2020 మార్చిలో చైనాలో ఒక బస్సు ప్రయాణికుడు చనిపోయి, పరీక్షలో హంటా బయటపడిన వార్తతో మనవాళ్ల నోళ్లలో ఈ పేరు పడింది, అంతే.

“రోజుకో రకం” అన్నమాట ఎక్కువ భయపెడుతోంది. హంటా జన్యుపదార్థం ఆర్ఎన్ఏ. కాపీ అయ్యేటప్పుడు తప్పులు దొర్లుతూనే ఉంటాయి, వాటిలో చాలావాటి వల్ల వైరస్‌కు ఒరిగేదేమీ ఉండదు. పొలం ఎలుకలు పెద్దగా దూరం పోవు కాబట్టి ఒక్కో ప్రాంతంలో వైరస్ ఒక్కో శాఖగా స్థిరపడుతుంది. ఓడలెక్కి ఖండాలు దాటిన గోధుమరంగు ఎలుకతో పాటు హంటాల్లోనే ఒకటైన సియోల్ వైరస్ కూడా ప్రపంచమంతా పాకింది. న్యూయార్క్‌లో 133 ఎలుకల్ని పరీక్షిస్తే అంతకుముందు తెలియని 18 వైరస్‌లు కనిపించాయని 2014లో ప్రకటించారు. కొత్తగా కనిపించినంత మాత్రాన కొత్తగా పుట్టినట్టు కాదు. ఈ తేడాలే శాస్త్రవేత్తలకు ఆనవాళ్లు: ఏ వైరస్ ఎక్కడి నుంచి ఎటు వెళ్లిందో వీటిని బట్టే పట్టుకుంటారు.

మనిషి నుంచి మనిషికి సోకుతుందా? హంటాల్లో అలా సోకుతుందని గట్టిగా రుజువైంది దక్షిణ అమెరికాలోని ఆండీస్ వైరస్ ఒక్కటే. అర్జెంటీనాలోని ఎపుయెన్‌లో 2018-19లో 34 మందికి వచ్చి 11 మంది చనిపోయారు. దాన్ని తక్కువ చేయను. కానీ మిగతా హంటాలు ఎలుకల మూత్రం, పెంట ఎండి దుమ్ములో కలిసినప్పుడు, ఆ దుమ్ము పీల్చితే సోకుతాయి. అందుకే మూసి ఉంచిన స్టోర్‌రూమ్‌ను పొడిగా ఊడవకండి. కిటికీలు తెరిచి, ఒక వంతు బ్లీచ్‌లో తొమ్మిది వంతుల నీళ్లు కలిపి చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, గ్లవ్స్‌తో తుడవండి.

ఇక విషం. వాంకూవర్‌లో కొన్నిచోట్ల ఎలుకల్ని పట్టి చంపాక, మిగిలినవాటిలో లెప్టోస్పైరా అనే, మనుషులకు జ్వరం తెప్పించే బ్యాక్టీరియా ఉండే అవకాశం పెరిగిందని 2018లో వచ్చిన అధ్యయనం చెప్పింది. పైగా మందు తిన్న ఎలుకను తిని గుడ్లగూబలూ చస్తాయి. కన్నాలు పూడ్చి, చెత్త మూతపెట్టి ఉంచాలి.

నాకు కోపం తెప్పించేది మరొకటి. వరదనీళ్లలో నడిచినవాళ్లకు ఇక్కడ అసలు భయం తమిళంలో ఎలి కాయ్చల్ (ఎలుక జ్వరం) అనే లెప్టోస్పైరోసిస్, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో సోకే జబ్బు. ఆ మెసేజ్‌లో దాని ఊసే లేదు. అది వైరస్ కాదు, బ్యాక్టీరియా. త్వరగా యాంటీబయాటిక్ మొదలుపెడితే తగ్గుతుంది. మురుగునీళ్లలో దిగాక జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్ర కనిపిస్తే, నీళ్లలో దిగిన సంగతి డాక్టరు అడగకముందే చెప్పండి.