ఎర్త్ ఎందుకు, పీట ఉండగా

మూడు పిన్నుల ప్లగ్గులో పైన లావుగా, పొడుగ్గా ఉండే ఎర్త్ పిన్నును కంపెనీవాళ్లు అందం కోసం పెట్టారని మన నెల్లూరులో గట్టి నమ్మకం. పాత సాకెట్‌లో పట్టకపోతే దాన్ని కటింగ్ ప్లేయరుతో పుటుక్కున విరిచేస్తాం. మూలాపేట, స్టోన్‌హౌస్‌పేట పాత మిద్దెల్లో లీకైన కరెంటు మనిషి జోలికి రాకుండా నేలలోకి పంపడం ఆ పిన్ను పని; దాని బదులు మనిషిని చెక్క పీట కాస్తుంది. గ్రైండరు వేసేటప్పుడు ఇంటావిడ పీటెక్కి నిలబడాలి. ఫ్రిజ్ తెరవాలంటే చెప్పులు వేసుకోవాలి. వంటింట్లోకి చెప్పులేమిటని మండిపడే ముసలమ్మలు కూడా ఫ్రిజ్ దగ్గర మినహాయింపు ఇచ్చేశారు. కరెంటుకు మడీ ఆచారం తెలియదు కదా.

ఇలాంటి ఇంట్లోనే మా బాబాయి వంటిల్లు మాడ్యులర్ చేయిస్తున్నాడు. చీమకుర్తి నుంచి గెలాక్సీ గ్రానైట్ దిగింది. దేశదేశాలకు ఎగుమతయ్యే రాయి గనక దాని మందం మీద, పాలిష్ మీద మూడు పూటలా చర్చ నడిచింది. పొయ్యి ఆగ్నేయంలోనే ఉందా, వండే మనిషి తూర్పుకే తిరిగి నిలబడుతుందా అని వాస్తు ఆయన టేపు పెట్టి కొలిచాడు. ఆ తూర్పుకు తిరిగిన మనిషి తడి కాళ్లతో నిలబడుతుందన్న సంగతి మాత్రం ఏ టేపుకూ అందలేదు.

గోడ మీద టేకు రీపర్లు, వాటికి రేకు క్లిప్పులతో బిగించిన తాతల నాటి వైరు. ఒక బల్బు, ఒక ఫ్యాను, మహా అయితే ఒక రేడియో కోసం లాగింది. ముట్టుకుంటే పైన రబ్బరు పెళుసుగా రాలుతోంది. దాని మీద ఇప్పుడు 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి, అంటే అదొక్కటే దాదాపు 9 ఆంపియర్లు. పక్కన ఓవెన్, ఆ పక్కన గీజరు. పింగాణీ ఫ్యూజు మాటిమాటికీ కొట్టేస్తోందని ఎవరో పుణ్యాత్ముడు అందులో లావుపాటి రాగి తీగ మెలిపెట్టి పోయాడు. అప్పటినుంచి ఫ్యూజు కొట్టేయడం మానేసింది. కొట్టేయడమే కదయ్యా దాని ఉద్యోగం!

ఇక కరెంటు మేస్త్రి ప్రవేశం. ఫ్రిజ్ తలుపు మీద టెస్టర్ పెట్టాడు. వెలిగింది. నవ్వాడు.

"ఏం కాదు సార్, రిటర్న్ కరెంటు."

"రిటర్న్ అంటే?"

"వచ్చిన కరెంటు మళ్లీ పోవాల గదా సార్, అదీ."

బాబాయి అంతా అర్థమైనట్టు తలూపాడు. పిన్ని ఊపలేదు. "ఏం కాదంటున్నావుగా, చెప్పులు విడిచి నువ్వొకసారి పట్టుకో అబ్బయ్యా" అంది.

"మాగుంట లేఔట్‌లో ఇంకో పనుందమ్మా, టైమైపోయింది" అంటూ మణికట్టు చూసుకున్నాడు. దానికి వాచీ లేదు.

అసలు ఎర్త్ లేదా అంటే, ఎందుకు లేదు! పెరట్లో కుళాయి గొట్టానికి పచ్చగా చిలుమెక్కిన రాగి తీగ చుట్టి ఉంది. ఇనప గొట్టాల కాలంలో అది నిజంగానే నేలకు చేరేది. తర్వాత గొట్టం పీవీసీ అయింది. తీగ మాత్రం దేవుడు లేని గుళ్లో దీపంలా అక్కడే ఉండిపోయింది. మేస్త్రి దగ్గర ఇంతకన్నా చవకైన ఉపాయం ఉంది. సాకెట్ వెనకాల న్యూట్రల్ నుంచి, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ నుంచి, చిన్న ముక్క తీసి ఎర్త్ పిన్నుకు కలిపేస్తే "ఎర్త్ వచ్చేసినట్టే సార్". టెస్టర్ కూడా బుద్ధిగా ఆరిపోతుంది. ఎప్పుడో ఒకనాడు ఆ న్యూట్రల్ ఊడితే 230 వోల్టులూ తిన్నగా ఫ్రిజ్ ఒంటి మీదికి వచ్చి కూర్చుంటాయి.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. తడిసిన ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు పారతాయి. గుండె లయ తప్పడానికి అందులో సగం చాలు. మీరు గొప్పగా పెట్టించిన 16 ఆంపియర్ల ఎంసీబీకి, అదే ఫ్యూజు బదులు వచ్చిన స్విచ్చికి, అది లెక్కలోకే రాదు. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. మనిషి కోసం ఆర్‌సీసీబీ అని ఒకటుంది. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, రెప్పపాటులో కట్ చేస్తుంది. ధర రెండు మూడు వేలు. "అంత ఖర్చా" అనే నోరే చిమ్నీ దగ్గర బేరం కూడా ఆడలేదు.

"చిన్న షాకేలే, కాస్త జివ్వుమంటుంది" అనేది ఎప్పుడూ ఆ ఇంటి మగాళ్లే. నీకెలా తెలుసయ్యా? తడి చేత్తో గ్రైండర్లోంచి పిండి నువ్వెప్పుడు తీశావు? ఏళ్ల తరబడి ఇంటి మనిషి రోజూ చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంటుంటే, వైరింగును ఒక్క మాట అనరు. "నీకు జాగ్రత్త లేదు" అని ఆమెనే అంటారు. సిగ్గుండాలి.

చేయాల్సిందేమీ రహస్యం కాదు. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరు, ఇండక్షన్ లాంటి వాటికి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, బరువైన వాటికి మెయిన్ నుంచే విడి లైన్లు, ప్రతి సాకెట్‌కూ ఆకుపచ్చ ఎర్త్ తీగ, పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసిన ఎర్త్ గుంత. బాబాయి అన్నిటికీ సరేనన్నాడు, గుంత దగ్గర ఆగిపోయాడు. పెరట్లో చోటు లేదట, టైల్స్ పగులుతాయట. బోరుకు చోటు దొరికింది. సెప్టిక్ ట్యాంకుకు దొరికింది. ఏడాదికోసారి తీసే కారుకు షెడ్డు వేయడానికీ దొరికింది.

గుంత తవ్వేదాకా ఇడ్లీ పిండి బాబాయే రుబ్బాలని పిన్ని తేల్చి చెప్పింది. ఆ మధ్యాహ్నమే టైల్స్ పగలగొట్టే మనిషి వచ్చాడు.