గేట్లకూ స్తంభాలకూ శిక్షణ ఇవ్వాల్సిందే

సరుకు దించడానికి వచ్చిన టాటా ఏస్ రివర్స్‌లో వెళ్ళి అపార్ట్‌మెంటు గేటుకి తగిలినప్పుడల్లా అందరూ డ్రైవరు మీద పడతారు. గేటుని మాత్రం ఒక్కరూ నిలదీయరు. పదేళ్ళుగా అదే చోట నిలబడి, బండి వస్తున్నది కళ్ళారా చూస్తూ కూడా అంగుళం పక్కకు జరగని గేటుకి బాధ్యత లేదా? గుద్దిన వెంటనే డ్రైవరు చెప్పే మొదటి మాట, "అడ్డొచ్చింది సార్." దీన్ని ఆడలేక మద్దెల ఓడన్నట్టు కొట్టిపారేయకండి. ఘటనాస్థలంలో ఉన్న ఏకైక నిపుణుడి వాంగ్మూలం అది.

"మెల్లగానే కదా వచ్చింది" అనేది రెండో వాంగ్మూలం. నిజమే, గంటకు 5 కిలోమీటర్లంటే మనిషి నడక. కాకపోతే ఆ నడకలో బండి సెకనుకు దాదాపు 1.4 మీటర్లు జరుగుతుంది. వెనక ఏదో ఉందని తట్టి, కాలు బ్రేకు మీదికి చేరేసరికి ఒకటిన్నర సెకను పట్టిందనుకోండి, 2.1 మీటర్లు అయిపోయినట్టే. బ్రేకు పని అప్పటికింకా మొదలే కాలేదు. సరుకుతో కలిపి ఒకటిన్నర టన్నులున్న బండి ఆ వేగంతో గోడని తాకితే, అదే బండిని 10 సెంటీమీటర్ల ఎత్తు నుంచి కింద పడేసినంత దెబ్బ. వేగం 10కి పెంచితే ఆ ఎత్తు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గోడలకు చెవులుంటాయన్నారు పెద్దలు, కాళ్ళుంటాయని ఎక్కడా అనలేదు. కాబట్టి తప్పుకోవడం వాటికి నేర్పాలి. అందుకే ఈ శిక్షణ ప్రతిపాదన.

పాఠ్యాంశాల్లో మొదటిది లెక్కలు. ఏస్ వెడల్పు సుమారు 1.5 మీటర్లు, అంటే అయిదడుగులు. గేటు పదడుగులు. అటు రెండున్నర, ఇటు రెండున్నర మిగులుతాయి. కాగితం మీద గుద్దే అవకాశమే లేదు. అయితే గేటు ముందు రోడ్డుంది పన్నెండడుగులు, అందులో ఎదురింటివాళ్ళ కారు ఒకటి, ఇస్త్రీ బండి ఒకటి. దాంతో బండి గేటులోకి తిన్నగా రాదు, ఏటవాలుగా వస్తుంది. ఏటవాలుగా వచ్చే బండికి వెడల్పుతో పాటు పొడవు కూడా అడ్డమే. స్తంభం ఇక్కడ మరో విషయం గుర్తుంచుకోవాలి. రివర్స్‌లో స్టీరింగు కుడికి తిప్పితే బండి వెనక భాగం కుడికి పోతుంది, ముందు ఎడమ మూల మాత్రం బయటికి ఊగుతుంది. ఆ క్షణాన డ్రైవరు మెడ తిప్పి కుడి పక్క అద్దంలోకి చూస్తుంటాడు. ముందు ఎడమ మూల అతనికి ఆ సమయంలో పరాయి దేశం. అక్కడ స్టాండు వేసి ఉన్న స్కూటీ సంగతి స్కూటీయే చూసుకోవాలి. వెనక్కి వెళ్తూ ముందు భాగాన్ని గీకించుకునే విద్య ఇదొక్కటే.

సెల్లార్ దూలాలకూ, సన్‌షేడ్‌లకూ ప్రత్యేక తరగతి పెట్టాలి. పక్కలు చూడటానికి అద్దాలున్నాయి, పైకి చూడటానికి ఏ బండికీ లేదు. పైగా దూలాలకు అర్థంకాని చిత్రం ఒకటుంది. నిండుగా బియ్యం బస్తాలతో లోపలికి వెళ్ళేటప్పుడు తగలని దూలం, ఖాళీ బండి బయటికి వచ్చేటప్పుడు తగులుతుంది. బరువుకి అణిగిన కమాన్లు (బండి కింది స్ప్రింగు పట్టీలు) సరుకు దిగగానే పైకి లేస్తాయి, బాక్సు బాడీ నెత్తి రెండు మూడంగుళాలు పెరుగుతుంది. "వచ్చేటప్పుడు పట్టింది కదా" అని డ్రైవరు, "ఇప్పుడెందుకు పట్టట్లేదు" అని వాచ్‌మన్ వాదించుకుంటుంటే, దూలం పెచ్చులు రాల్చి ఊరుకుంటుంది. ఖాళీ బండి ఎత్తుని టేపుతో కొలిచి, స్టీరింగు ఎదురుగా పెయింటుతో రాసుకోవడం అనే చవకబారు ఉపాయం ఒకటుంది గానీ, అక్కడ దేవుడి స్టిక్కర్లు అంటించేశాం కాబట్టి చోటు లేదు.

ఇక హెల్పర్ దగ్గరికి వద్దాం. రివర్స్ శాస్త్రంలో హెల్పరే పురోహితుడు. బండికి సరిగ్గా వెనక, అంటే డ్రైవరుకు ఏ అద్దంలోనూ కనబడని ఒకే ఒక్క చోట నిలబడి, ఫోను చూసుకుంటూ "రానీ... రానీ... రానీ..." అని మంత్రం చదువుతాడు. తగిలాక "ఆపు" అంటాడు. ఆర్టీసీ కండక్టరు "హోల్డాన్" అంటే ఆగాలి, "రైట్ రైట్" అంటే కదలాలి. అలాగే ఇక్కడా బండి బాడీ మీద ఒక దెబ్బకు ఆగడం, రెండు దెబ్బలకు పోవడం అని ముందే మాట్లాడుకుంటే చాలు, ఇంజను మోతలోనూ వినబడుతుంది. కానీ మన వీధిలో హెల్పర్ ఒక్కడే ఉండడు. పాలవాడు "రానీ" అంటాడు, మేడ మీది పెద్దాయన "కుడికి, కుడికి" అంటాడు (ఆయన కుడి), వాచ్‌మన్ ఈల వేస్తాడు. ప్రజాస్వామ్యంలో అందరి మాటా వినాలి గనక డ్రైవరు పాటల సౌండు పెంచుతాడు.

నియంతృత్వం నచ్చేవాళ్ళు వేరే పద్ధతి చెబుతుంటారు. సైగ చేసేది ఒక్కడే ఉండాలట, కుడి వెనక మూలకి పక్కగా, బండి దారిలో కాకుండా, డ్రైవరు కుడి అద్దంలో కనిపించేలా నిలబడాలట. అతను అద్దంలోంచి మాయమైన మరుక్షణం బండి ఆగాలట. కిటికీ అద్దం దించి, పాట ఆపాలట. ఇన్ని "అట"లు పాటిస్తే గేటుకి పనేముంటుంది?

సాంకేతిక ప్రగతిని తక్కువ చేసి మాట్లాడను. మన దేశంలో 2019 జులై 1 తర్వాత తయారైన కార్లకు వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి. అది చూసి వ్యాన్లవాళ్ళూ బజార్లో కొని బిగించుకుంటున్నారు. సెన్సరు బంపరు నుంచి దూరం కొలుస్తుంది. బండిలోంచి మూడడుగులు బయటికి పొడుచుకొచ్చిన పీవీసీ పైపుల సంగతి దానికెవరూ చెప్పలేదు. బంపరు గోడకి ఇంకా రెండడుగుల దూరంలో ఉండగా, పైపు కిటికీ అద్దంలోంచి వంటగదిలోకి వెళ్ళి ఉంటుంది. సన్నటి ఇనప చువ్వ, కరెంటు స్తంభానికి కట్టిన స్టే వైరు లాంటివి సెన్సరు కంట పడకుండా తప్పించుకోగలవు. కెమెరాకైతే గుడ్డతో రోజూ పొద్దున తుడిచే భాగ్యం దక్కాలి. లేకపోతే తెర మీద కనిపించేది వెనక రోడ్డు కాదు, నిన్నటి బురద. ఇక "అటెన్షన్ ప్లీజ్" అని మొత్తుకునే రివర్స్ హారను తెల్లవారుజామున నిద్ర పాడు చేస్తోందని కాలనీవాళ్ళు అరిస్తే, దాని వైరు పీకేసి నెలలవుతోంది.

బీమా నిబంధన రాసినవాళ్ళకి గేటు శాస్త్రం బాగా తెలుసు. సరుకు రవాణా బండ్ల మామూలు సమగ్ర పాలసీలో లైట్లు, టైర్లు, మడ్‌గార్డులు, బంపర్లు, పెయింటు దెబ్బతింటే, బండి మొత్తం తుక్కయితే తప్ప డబ్బు రాదు. అవి కూడా కావాలంటే ఐఎంటీ-23 అనే అదనపు క్లాజు కొనుక్కోవాలి. నడక వేగంలో తగిలితే పగిలేవి సరిగ్గా ఆ జాబితాలోవే! ఒకవేళ ఆ క్లాజు ఉండి, చిన్న బంపరుకి క్లెయిమ్ పెట్టారే అనుకోండి, అయిదేళ్ళు గుద్దకుండా పోగేసిన 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా అవుతుంది. అందుకే టెయిల్ ల్యాంపు ఎర్రగాజు పగిలితే దాని మీద ఎర్ర పాలిథీన్ కవరు కట్టి తిప్పడం సంప్రదాయంగా మారింది.

ఇంతకీ దీనికి మందు లేదా అంటే ఉంది, అయితే మరీ ఖరీదు. రివర్స్ వేసేముందు బండి ఆపి, దిగి, వెనక్కి వెళ్ళి, కింద ఓసారి, పైన ఓసారి చూసి, మళ్ళీ ఎక్కి వెంటనే కదలడం. ఇరవై సెకన్లు. రోజుకు 60 డెలివరీలనుకుంటే, ప్రతిచోటా దిగినా మొత్తం ఇరవై నిమిషాలు. డ్రైవరు ఫోనులో మ్యాపు లెక్కకి ఈ ఇరవై నిమిషాలు కనబడవు, ఆలస్యం మాత్రం కనబడుతుంది. ఇదే మందులో చవక రకం ఇంకొకటుంది. చేరగానే, పిల్లలు ఎటున్నారో కళ్ళారా చూసుకున్న వెంటనే, రివర్స్‌లో లోపలికి పెట్టేసి, పోయేటప్పుడు ముక్కుతో బయటికి రావడం. పావుగంట తర్వాత, వెనక ఎవరొచ్చి ఆడుకుంటున్నారో తెలియకుండా వెనక్కి తీయడం కంటే మేలని దీన్ని నమ్మినవాళ్ళంటారు. డోరు విషయంలోనూ వీళ్ళకి పిచ్చే: కుడి తలుపుని ఎడమ చేత్తో తీయమంటారు. అలా తీస్తే ఒళ్ళు దానంతటదే వెనక్కి తిరిగి, దూసుకొచ్చే బైకు కనబడుతుందట.

ఇంజను ఆన్‌లోనే వదిలి, "రెండే నిమిషాలు" అని వాలులో దిగిపోయేవాళ్ళ బండి వాళ్ళు లేకుండానే డెలివరీకి బయల్దేరుతుంది. హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజను ఆపి, ముక్కు పైకుంటే మొదటి గేరులో, కిందికుంటే రివర్స్‌లో పెట్టి, టైరు కింద రాయి పెట్టాలి. రాయి పెట్టడంలో మనవాళ్ళు సిద్ధహస్తులు. వెళ్ళేటప్పుడు తీయడంలోనే మొహమాటం. వెనకాల వచ్చే స్కూటరువాడికి ఆ రాయే నడిరోడ్డు మీద గేటు.

ఇంకా మిగిలింది ప్రమాదానంతర పరీక్ష. డ్రైవరు దిగుతాడు (ఇప్పుడు ఇరవై సెకన్లు దొరుకుతాయి). గేటు మీద కొత్తగా పడిన నీలం గీతని చూస్తాడు. బొటనవేలిని నాలుకకి అద్ది, గీత మీద రెండుసార్లు రుద్దుతాడు. వేలికి నీలం రంగు అంటుతుంది. వేలిని ప్యాంటుకి తుడిచేసుకుని, వాచ్‌మన్ వైపు తిరుగుతాడు.

"ఇది పాతదే అన్నా."