పొట్టేలు తన పెళ్ళిని తలచుకున్న సినిమా

మొన్న రాత్రి షాపు మూసి ఇంటికొస్తుంటే లీలామహల్ సర్కిల్ దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు బండి ఆపుకుని మాట్లాడుకుంటున్నారు. టీజర్ మాత్రమే వచ్చిన ఒక సినిమా గురించి. "కల్ట్ బొమ్మ మామా, రాసిపెట్టుకో" అన్నాడొకడు. రెండోవాడు రాసిపెట్టుకున్నట్టే తలూపాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఇల్లు చేరేదాకా ఆ మాటే బుర్రలో తిరిగింది. అందుకే ఈ పోస్టు. పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉంటేనే చదవండి.

ఇప్పుడు పోస్టర్ మీద వాళ్ళే 'కల్ట్' అని వేసేసుకుంటున్నారు. అసలు ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒకసారి చూడండి. 1970 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ఎల్జిన్ అనే పాత హాల్లో 'ఎల్ తోపో' అనే వింత కౌబాయ్ సినిమాను అర్ధరాత్రి ఆటలుగా వేశారు. జనం చూసిందే మళ్ళీ చూడ్డానికి వచ్చారు. 1975లో వచ్చిన 'రాకీ హారర్ పిక్చర్ షో' మొదట ఫ్లాపు. మరుసటి ఏడు అర్ధరాత్రి ఆటల్లో పడ్డాక దాని దశ తిరిగింది. ప్రేక్షకులు ఆ పాత్రల వేషాలు వేసుకుని వస్తారు. తెరవైపు చూసి నోటికొచ్చినట్టు అరుస్తారు. పెళ్ళి సీను రాగానే బియ్యం చల్లుతారు.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. మా తిరుపతివాళ్ళకు ఇందులో కొత్తేముంది? ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఊరు ఊరంతా చేసేది అదే కదా. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం... మీసాలున్న మగాళ్ళు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని వీధుల్లో తిరుగుతారు. వేషం వేసినవాడు ఎదురొచ్చినవాణ్ణి బూతులు తిడతాడు, తిట్లు తిన్నవాడు దణ్ణం పెట్టుకుని పోతాడు. గంగమ్మకు భయపడి దాక్కున్న పాలెగాడు దొర వేషానికి బయటికొస్తాడని పసిపిల్లలకూ తెలుసు. కథ తెలిసిందే, ముగింపూ తెలిసిందే. అయినా పోతాం. కల్ట్ అంటే నాకు అర్థమైంది అదే. జాతర జరగాలి, ఏళ్ళ తరబడి జరగాలి. టీజర్‌కు జాతర జరగదు బాబూ.

సరే, నా సంగతి. పగలంతా మెడికల్ షాపు, రాత్రి సినిమా. పదేళ్ళ పైనుంచి ఎవరూ పట్టించుకోని సినిమాల గురించి రాస్తున్నాను. పేరున్నవాటికి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు ఆ మూలన పడున్నవే ఇష్టం. మా ఆవిడ దృష్టిలో ఇది ఒక రకం జబ్బు. షాపులో ఉన్న మందులేవీ దీనికి పనిచెయ్యవట.

ఒకసారి ఆవిణ్ణి కూర్చోబెట్టి 1977లో జపాన్‌లో నొబుహికో ఒబయాషి తీసిన 'హౌస్' చూపించాను. అందులో పియానో ఒకమ్మాయిని తినేస్తుంది. తెగిన తల గాల్లో తిరుగుతుంది. ఆ దర్శకుడు తన చిన్న కూతుర్ని "నీకు దేనికి భయమేస్తుంది" అని అడిగి, ఆ పిల్ల చెప్పినవన్నీ సినిమాలో పెట్టాడు. నేను ఇదంతా గొప్పగా వివరిస్తున్నాను. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ పది నిమిషాలు చూసి, "దీనికింత కత ఎందుకు? విఠలాచార్య సినిమా కదా ఇది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను రెండు పేజీల్లో చెప్పలేనిది ఒక్క ముక్కలో తేల్చేసింది. నిజమే మరి. ఎక్కువ డబ్బడిగిన నటుణ్ణి ఆ పాత్రలోనే చిలకగానో మేకగానో మార్చేసి షూటింగ్ పూర్తిచేసేవారని విఠలాచార్య గురించి సినిమావాళ్ళు చెప్పుకునే కథ ఒకటుంది. నిజమో కాదో గానీ, ఆ మనిషికి అతికినట్టుంటుంది.

కమల్ స్వరూప్ హిందీలో తీసిన 'ఓం దర్ బ దర్' రెండుసార్లు చూశాను. 1988 నాటి సినిమా, హాళ్ళలోకి వచ్చేసరికి 2014 అయింది. నాకు సగం అర్థం కాలేదు. ఆ మాటే రాశాను. అర్థం కాకపోయినా అయినట్టు నటిస్తూ రాసే రివ్యూలంటే నాకు ఒళ్ళు మంట.

ఇంకో మంట కూడా చెప్పేస్తాను. ఈ 'ఎక్స్‌ప్లెయిన్డ్ ఇన్ తెలుగు' వీడియోలు. రెండున్నర గంటల సినిమాను పది నిమిషాల్లో గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. "హీరో ఒక ఇంట్లోకి వెళతాడు, అక్కడ ఒక అమ్మాయి ఉంటుంది, ఆ అమ్మాయి దెయ్యం." అంతే, సినిమా చూసేసినట్టే! మా షాపులో పనిచేసే అబ్బాయి ఇట్లా నూట యాభై సినిమాలు 'చూశాడు'. ఒక్కదాంట్లో ఒక్క మొహం గుర్తుందేమో అడగండి. ఇంటి గేటు దగ్గర పెళ్ళి మెనూ చదువుకుని చేయి కడుక్కున్నట్టుంటుంది ఈ యవ్వారం.

కోపం పక్కన పెట్టి అసలు విషయానికొస్తాను. నేను చేసిన తప్పు.

2016లో నేనొక పాత జానపదం గురించి రాశాను. పేరు చెప్పను, కారణం చివరికి మీకే తెలుస్తుంది. విఠలాచార్యది కాదు, ఆయన దారిలో ఎవరో చవగ్గా చుట్టేసింది. పాకాల పక్కన మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో, టూరింగ్ టాకీస్‌లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు చూశాను. చీకటి పడితేనే ఆట. ఘంటసాల పాడిన వెంకన్న పాట మైకులో వస్తే అన్నం సగంలో వదిలేసి పరిగెత్తేవాళ్ళం. నేల టికెట్. ఇసుక కుప్ప చేసుకుని దానిమీద కూర్చోవడం, వెనకవాడు తిడితే ఆ కుప్పను కాలితో సర్దడం. ఒకటే ప్రొజెక్టర్ కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఇంటర్వెల్లే. వేరుశెనక్కాయలవాడికి పండగ.

ఆ సినిమాలో మాంత్రికుడు హీరోను పొట్టేలుగా మార్చేస్తాడు. పొట్టేలు కొలను ఒడ్డున నిలబడి నీళ్ళలో తన మొహం చూసుకుంటుంది. ఆ వెంటనే, చెప్పాపెట్టకుండా, హీరో పెళ్ళి. మనిషిగానే! మేళతాళాలు, తలంబ్రాలు, పాట. పాట అయ్యాక మళ్ళీ పొట్టేలు, కొండల్లో ఒంటరిగా. నాకు ఏడుపొచ్చేసింది. పొట్టేలు తన పెళ్ళిని తలచుకుంటోంది! దర్శకుడు ఒక్క మాట చెప్పలేదు, తెర మసకబారలేదు, రింగులు రింగులుగా ఫ్లాష్‌బ్యాక్ గుర్తు ఏదీ లేదు. ముప్పై ఏళ్ళయినా నా కళ్ళముందే ఉంది. దాని గురించి పెద్ద పోస్టు రాశాను. 'కాలాన్ని ముక్కలు చేసిన అజ్ఞాత మేధావి' అని హెడ్డింగు కూడా పెట్టాను. చాలామంది మెచ్చుకున్నారు. ఒకాయన ఫ్రెంచి దర్శకులతో పోల్చాడు. నేను కాదనలేదు.

మూడేళ్ళ కిందట ఆ సినిమా యూట్యూబ్‌లో దొరికింది. మూలన ఛానెల్ లోగో, కిందనుంచి నగల కొట్టు ప్రకటన, అయినా సినిమా పూర్తిగా ఉంది. అందులో హీరోకు పెళ్ళవుతుంది. తర్వాత మాంత్రికుడు వస్తాడు. తర్వాత పొట్టేలు అవుతాడు. బడిలో ఎక్కాలు చదివినట్టు వరసగా ఉంది కథ. మేధావీ లేడు, ముక్కలూ లేవు. నాకే ఏదో గాలి సోకిందనుకున్నాను.

ఆ టాకీస్ ఆపరేటర్ ఇప్పుడు తిరుచానూరులో కొడుకు దగ్గర ఉంటున్నాడు. కొడుక్కి టీ కొట్టు. పెద్దాయనకు డెబ్భై దాటాయి. వెతుక్కుంటూ వెళ్ళి, గ్లాసు చేతికిచ్చాక, "మామా, ఇట్ట ఎట్ట అయింది?" అని అడిగాను. ఆయన నవ్వడానికే రెండు నిమిషాలు పట్టింది.

"ఒకే పెట్టె అబ్బోడా, రెండు ఊర్లకు! ఆ పక్కూళ్ళో ముందు మొదులు పెడతారు, మనకాడ గంట ఆలస్యం. వాళ్ళు ఆడించేసిన రీళ్ళు సైకిల్లో పంపాల. ఆ పొద్దు టైరు పంచరై వాడు ఆలస్యంగా వచ్చె. వచ్చినోడు ఏడు, ఎనిమిది మరిచిపోయి తొమ్మిది, పది తెచ్చినాడు. జనం ఈలలు, రాళ్ళు. నేనేం చేసేది? చేతికొచ్చింది ఎక్కించేస్తిని. ఏడు, ఎనిమిది తర్వాత వచ్చినాయి, అవీ ఎక్కించేస్తిని."

"ఎవరూ అడగలేదా మామా?"

"యాడ అడుగుతారు? ఒకామె ఏడ్చుకుంటా పోతా, బలే తీసినాడప్పా అనె."

అదీ సంగతి. నా మేధావి పంచరైన సైకిల్ టైరు.

మొదట సిగ్గేసింది. తర్వాత ఆలోచిస్తే, నేను ఇన్నేళ్ళూ రాసిన రివ్యూలన్నీ అనుమానంగా కనిపించడం మొదలైంది. కె.ఎస్.ఆర్. దాస్ 1970లో విజయలలితతో తీసిన 'రౌడీ రాణి' గురించి రాస్తూ, రాత్రి సీన్లలో ఏమీ కనబడలేదని ఎగతాళి చేశాను. కనబడనిది సినిమాలోనా, లేక పదిమంది చేతులు మారి నాదాకా వచ్చిన ఆ పాడు కాపీలోనా? నేనా ప్రశ్న వేసుకోనే లేదు. మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' చూసినప్పుడూ అంతే. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ. పని చెయ్యనని భీష్మించుకు కూర్చున్న తండ్రిగా వాసుదేవరావు నటన చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ నేను చూసిన కాపీలో శబ్దం బావిలోంచి వస్తున్నట్టుంది, కొన్నిచోట్ల పెదాలు కదిలి అరక్షణం అయ్యాక మాట వినబడుతుంది. దానికి నేను మార్కులు తగ్గించాను! ఎవరికి తగ్గించినట్టు?

దొరికిన కాపీ ఎట్లాంటిదైనా, దొరకడమే గొప్ప అనే మాట కూడా ఒప్పుకోవాలి. మన మొదటి పూర్తి తెలుగు టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద', ఇప్పుడు ఒక్క ప్రింటూ లేదు. పాత నైట్రేట్ ఫిల్ము నిప్పు తగిలితే భగ్గుమనేది. కాలిపోగా మిగిలినదాన్ని అందులో ఉండే వెండి కోసం కరిగించి అమ్ముకున్నారు. పుణెలో ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టిందే 1964లో. 2003లో అక్కడి ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో మంటలు లేచి ఉన్న నైట్రేట్ రీళ్ళు కూడా బోలెడు పోయాయి. ఇక పాకాల పక్కన టెంటులో ఆడిన చవక జానపదానికి దిక్కెవరు? నగల కొట్టు ప్రకటనతో అయినా మిగిలిందంటే దాని అదృష్టం.

అందుకే ఇప్పుడు నేను స్టార్లు ఇవ్వడం మానేశాను. రివ్యూలో మొదటి పేరాలోనే ఏ కాపీ చూశానో, ఎక్కడ చూశానో, ఎవరితో చూశానో రాస్తున్నాను. ఫోన్‌లో చూస్తే ఫోన్ అనే రాస్తున్నాను. కొంతమందికి ఇది సోదిలా ఉంది. "అన్నా, సినిమా ఎట్లుందో చెప్పు, నీ కత ఎవడికి కావాల" అంటారు. చూసిన తీరు చెప్పకుండా సినిమా ఎట్లుందో చెప్పడం నాకు చేతకాదు నాయనా. మా ఊరి హాళ్ళనే తీసుకోండి. మొదటి రోజు ఆటకు వెళితే వరసలో నాలుగైదు గుండ్లు కనిపిస్తాయి, చందనం ఇంకా ఆరనివి. కొండ దిగి, రైలుకు టైముందని హాల్లోకి వచ్చిన భక్తులు. వాళ్ళు నవ్వే చోట మనం నవ్వం, మనం ఈల వేసే చోట వాళ్ళు దండం పెడతారు. అదే సినిమా పక్క జిల్లాలో ఇంకో సినిమా.

ఆ పాత పోస్టు తీసేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. తప్పు సమాచారం కదా అని. సినిమా పేరు మాత్రం చెరిపేసి, మిగతాది అట్లాగే ఉంచాను. నేను చూసిన సినిమాను నేను చూశాను. అది ఒక్క రాత్రి, ఒక్క ఊళ్ళో ఆడింది. దాన్ని ఏ ఆర్కైవ్ దాచలేదు, మళ్ళీ ఎవరూ విడుదల చెయ్యలేరు. మీరు పేరు తెలుసుకుని యూట్యూబ్‌లో చూస్తే మీకు దొరికేది వేరే సినిమా.

పోయిన వారం మళ్ళీ తిరుచానూరు వెళ్ళాను. ఫోన్‌లో ఆ సినిమా పెట్టి పెద్దాయన చేతికిచ్చాను. కళ్ళద్దాలు సర్దుకుని, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. పెళ్ళి అయింది, మాంత్రికుడు వచ్చాడు, పొట్టేలు అయింది, కొలను వచ్చింది. మొహం చిట్లించాడు.

"ఇట్ట బాగలేదబ్బోడా. పొట్టేలు ఊరికే నిలబడింది చూడు, ఎందుకు నిలబడిందో తెలీలా. మన వరసలోనే బాగుండె."

కాసేపటికి హీరోయిన్ పాట ఒకటి వచ్చింది. నేను ఎప్పుడూ చూడని పాట. వేలితో ముందుకు తోయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు ఉండు. లాస్టు బస్సుకు జనం పరిగెత్తాలని రోజూ ఈ పాట ఎగ్గొట్టేవాణ్ణి. నేనూ చూడలా."

గమ్మున కూర్చుని పాటంతా చూశాడు. వెనక పాలు పొంగుతున్నాయని కొడుకు అరుస్తున్నా వినిపించుకోలేదు.